మూడో అంతస్తు రేడియేటర్

ఆ రోజు నేను సూటు వేసుకుని ఉండకపోతే ఈ కథే లేదు.

మా అక్క కొడుకు బాప్టిజం అయింది. చర్చి నుంచి భోజనాలకి బయల్దేరుతుంటే స్టెల్లా అత్త ఫోన్ చేసింది. మా బాయిలర్ల షాపులో నలభై ఏళ్ళుగా ఫోన్ దగ్గర కూర్చునేది ఆవిడే.

"ఒరేయ్ వాల్ట్, మెయిన్ స్ట్రీట్‌లో లాడర్ హౌస్ అని ఒకటుందిట. ఆడపిల్లలకి ఉద్యోగాల దారి చూపించే సంస్థ. మూడో అంతస్తులో రేడియేటర్ బుసలు కొడుతోందిట. నీ దారిలోనేగా, ఓసారి తొంగిచూసి పో" అంది.

అక్టోబర్ నెల, చలి మొదలయ్యే రోజులు. బఫెలో జనానికి తమ ఇంట్లో రేడియేటర్లకి ఆవిరి పంపి గదులు వెచ్చబెట్టే బాయిలర్ ఒకటుందని గుర్తొచ్చేది అప్పుడే. ఎలాగూ చూడ్డమేగా అని పనిముట్ల సంచి వ్యాన్‌లోనే వదిలేసి మెట్లెక్కాను.

తలుపు తీసినావిడకి సుమారు నా వయసే ఉంటుంది. పసుపు రంగు స్వెట్టరు, చెవి మీద ఒక పెన్సిలు, జుట్టు ముడిలో ఇంకో పెన్సిలు. మూడో పెన్సిలు కోసం బల్ల మీద వెతుకుతూనే నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఇరవై నిమిషాలు ఆలస్యం."

"బాప్టిజం ఉండి..."

"కారణాలు తర్వాత చెబుదురు గాని, కూర్చోండి." నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఇవీ ప్రశ్నలు. అమ్మాయి నిజం ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఇక్కడ ఉత్తుత్తి ఇంటర్వ్యూ. దయ మాత్రం చూపించకండి. బయట ఎవరూ చూపించరు."

నేను బాయిలర్ మనిషినని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ నవ్వింది. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివైన పనుల్లో అదొకటి. నిజానికి ఉన్నవే రెండు.

అమ్మాయి లోపలికొచ్చింది. పందొమ్మిదేళ్ళుంటాయి. బక్కపల్చని పిల్ల, ఎవరిదో బ్లేజరు, చేతులు రెండు మడతలు పెట్టి ఉన్నాయి.

"నీ గురించి చెప్పు" అని మొదటి ప్రశ్న చదివాను.

"మిలాగ్రోస్ ఓర్తీస్. అందరూ మిలా అంటారు. వెస్ట్ సైడ్ పేట నుంచి వచ్చానండీ."

రెండో ప్రశ్న: హైస్కూలు తర్వాత రెండేళ్ళు ఖాళీగా ఎందుకున్నావు? పక్కనే చేత్తో రాసి ఉంది, 'కాస్త ఎగతాళిగా అడగండి' అని. ఎగతాళిగానే అడిగాననుకున్నాను. జ్వరం వచ్చిన పిల్లని పలకరించినట్టు వచ్చింది.

"ఖాళీగా లేనండీ" అంది మిలా. "అమ్మమ్మని చూసుకున్నాను. మాది పదకొండు కాపురాలున్న పాత బిల్డింగు. జనవరిలో బాయిలర్ ఆగిపోయింది. ఓనరు ఫోన్ ఎత్తడు. అమ్మమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. నేనే సెల్లార్‌లోకి దిగి, బాయిలర్ తలుపు మీద అంటించిన కాగితం చదివాను. అర్థం కానిదానికి లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకున్నాను. రెండు చలికాలాలు నడిపాను."

నేను ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశాను. "స్టీమా?"

"స్టీమే. ఒంటి పైపుది."

"బాయిలర్ గాజు గొట్టంలో నీళ్ళెలా ఉండేవి?"

"ఎర్రగా, బురదలా. వారం వారం బకెట్‌లోకి వదిలేదాన్ని, తేటపడే దాకా."

"వదలమని ఎవరు చెప్పారు?"

"చెప్పేదేముందండీ. మురికినీళ్ళు మరిగిస్తే కుండ ఏమవుతుందో తెలిసిందేగా."

"మరి అమ్మమ్మ?"

"పోయిన మార్చిలో పోయింది." మిలా బ్లేజరు చేతి మడత సర్దుకుంది. "అప్పుడు ఇల్లు మాత్రం వెచ్చగానే ఉంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఇంట్లో మగాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. "సోమవారం ఏడింటికి వచ్చెయ్ అమ్మా" అన్నాను.

పెన్సిళ్ళావిడ లేచి నిలబడింది. "ఎక్కడికి?"

"మా షాపుకి."

"షాపేంటి? మీరు బ్యాంకు మేనేజరు కదూ?"

సరిగ్గా అప్పుడే బూడిదరంగు సూటులో ఒక పెద్దమనిషి తలుపు దగ్గర ప్రత్యక్షమై, "సారీ, పార్కింగ్ దొరకలేదు. ఇంటర్వ్యూ చెయ్యాల్సింది ఇక్కడేనా?" అన్నాడు.

మూల నుంచి రేడియేటర్ బుస్సుమంది.

"నేను దాని కోసం వచ్చానండీ" అన్నాను వేలితో చూపిస్తూ.

*

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్ళి తలుపు మూసింది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"నా పేరు రోసలిన్ టేట్. ఇక్కడ డైరెక్టర్ని. ఇదంతా ఆటలా కనిపించిందా మీకు? ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందని ఆశ పెట్టారు."

"ఆశ కాదండీ, నిజంగానే ఇచ్చాను. జెలిన్స్కీ హీటింగ్ అని మా తాత పెట్టిన షాపు. నాకు మనిషి కావాలి."

"మీ కళ్ళలో నీళ్ళు నేను చూశాను. జాలితో ఇచ్చిన ఉద్యోగం మొదటి పొరపాటుకే ఊడుతుంది. అప్పుడా పిల్ల మళ్ళీ ఇక్కడికే వస్తుంది, ఇప్పటికంటే కుంగిపోయి. అలాంటివాళ్ళని నేను చూశాను."

"బురదనీళ్ళు వదలాలని తనంతట తాను కనిపెట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూళ్ళేదు. నేనే పాతికేళ్ళొచ్చేదాకా కనిపెట్టలేదు. మా నాన్న తిడితే తెలిసింది."

ఆవిడ పెదాలు బిగించింది. కోపమనుకున్నాను. నవ్వు ఆపుకుంటోందని చాలా రోజులకి తెలిసింది.

"సరే" అంది. "ఈస్టర్ దాకా మా ప్రోగ్రాం. అప్పటిదాకా మిలాకి మెంటర్ని నేనే. ప్రతి శనివారం తను నా దగ్గరికొస్తుంది, వారంలో జరిగిందంతా చెప్తుంది. ఏం చెప్పిందో మీరు అడక్కూడదు, నేను చెప్పను."

"ఒప్పుకున్నాను. మరి ఈ వివరాలన్నీ ఎక్కడైనా కాఫీ తాగుతూ మాట్లాడుకుంటే..."

"కుదరదు. మా అమ్మాయిలకి పనిచ్చిన వాళ్ళతో, ఆ అమ్మాయి ప్రోగ్రాంలో ఉన్నంతకాలం, మేమెవ్వరం కాఫీకి కూడా వెళ్ళం. అది రూలు."

"అంత కఠినమైన రూలు ఏ మహానుభావుడు పెట్టాడండీ?"

"నేనే పెట్టాను" అంది రోసలిన్.

*

రూల్లో కాఫీ గురించి ఉంది. రేడియేటర్ గురించి లేదు.

ఒంటి పైపు రేడియేటర్ పక్కన బొటనవేలంత వెంట్ ఒకటుంటుంది. గాలి బయటికి పోనిచ్చి, ఆవిరి రాగానే మూసుకోవాలి. అది పాడైతే బుసకొడుతుంది. కొత్తది బిగించడం ఐదు నిమిషాల పని. నేను ఆరు వారాలు చేశాను.

వారానికొకసారి వెళ్ళేవాణ్ణి. ఓ రోజు వెంట్ విప్పి, ఊది, మళ్ళీ అదే బిగించేవాణ్ణి. ఇంకో రోజు మోకాళ్ళ మీద కూర్చుని తట్టి చూసి, గంభీరంగా తలూపేవాణ్ణి. ఆవిడ బల్ల దగ్గర కాగితాలు చూసుకునేది. నేను తలెత్తేసరికి ఆవిడ దించుకునేది, ఆవిడ తలెత్తేసరికి నేను పైపుని పరిశీలిస్తుండేవాణ్ణి. మధ్యలో రేడియేటర్ బుస్సుమనేది.

"ఇంత కష్టమైన రోగమా దానికి?" అని ఓసారి అడిగింది.

"పాత మాల్ అండీ. తొందరపడకూడదు."

"మీరు తొందరపడే రకంలా లేరులెండి."

"మీ రూలు తొందరపడనివ్వదుగా."

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. "ఆ రూలు మీద మీకు కోపమా?"

"కోపమే. దాచుకోవడం చేతకాదు నాకు."

కిటికీ బయట ఆ ఏడాది మొదటి మంచు పడుతోంది. ఆవిడ అటే చూస్తూ చెప్పింది. "పన్నెండేళ్ళ కిందట ఇదే గదిలో నేను మిలా కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నా మెంటర్, నా బాస్ ప్రేమలో పడ్డారు. చక్కగా ఉండేది వాళ్ళిద్దర్నీ చూడ్డానికి. నాలుగు నెలలకి పోట్లాడుకుని విడిపోయారు. నన్ను చూస్తే ఆయనకి ఆవిడే గుర్తొస్తోందిట. శుక్రవారం నాడు పనిలోంచి తీసేశాడు. నేనేం తప్పు చేశానో ఆరు నెలలు వెతుక్కున్నాను."

ఆ రూలు మీద అప్పటిదాకా వేసుకున్న జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఈస్టర్ దాకా ఆగుతాను" అన్నాను.

"నేను మిమ్మల్ని ఆగమన్నానా?"

"లేదు."

"మరి?" అంది గాని, చెవులు ఎర్రబడ్డాయని తనకే తెలిసినట్టుంది, జుట్టు ముడి విప్పి వదిలేసింది. రెండు పెన్సిళ్ళు కింద పడ్డాయి.

*

మిలా సంగతి చెప్పాలి. పనిలో పాదరసం. ఏ సెల్లార్‌కి తీసుకెళ్ళినా ముందు నిలబడి వినేది, తర్వాతే ముట్టుకునేది. మొదట్లో తలుపు తీసినవాళ్ళు ఆమె భుజం మీంచి నాకోసం చూసి, "పనివాడేడీ?" అనేవాళ్ళు. "నేనేనండీ, చెప్పండి" అని బూట్లకి కవర్లు తొడుక్కుని లోపలికి నడిచేది. డిసెంబర్ వచ్చేసరికి జనం ఫోన్ చేసి "ఆ అమ్మాయిని పంపండి" అంటున్నారని స్టెల్లా అత్త మురిసిపోతూ చెప్పేది.

ఒక రోజు నేను లాడర్ హౌస్‌కి బయల్దేరుతుంటే మిలా వ్యాన్‌కి అడ్డంగా నిలబడింది.

"బాస్, శనివారం మిస్ రోసలిన్ దగ్గరికెళ్ళినప్పుడు ఆ రేడియేటర్ చూశాను. వెంట్ మార్చేశాను. ఐదు నిమిషాలు పట్టింది."

"ఎందుకు మార్చావు?"

"పాడైందని. ఆరు వారాలుగా మీకు దాని సంగతి తెలీలేదంటే మీ ఆరోగ్యం గురించి భయమేసింది" అంది ముఖం ఏమాత్రం మార్చకుండా.

లోపల స్టెల్లా అత్త ఫోన్ పట్టుకునే పకపకా నవ్వింది. "అయిందిరా నీ వైద్యం. ఇంక డింగస్ డే దాకా నోరు కట్టుకుని కూర్చో."

ఈస్టర్ మర్నాటి సోమవారం మా పోలిష్ పేటలో డింగస్ డే. అబ్బాయి తనకి నచ్చిన పిల్ల మీద నీళ్ళు చల్లుతాడు, ఆ పిల్లకీ ఇష్టమైతే విల్లో చెట్టు రెమ్మతో వాడి పిక్కల మీద ఒకటిస్తుంది. మా అమ్మా నాన్నల కథ అక్కడే మొదలైంది. ఊళ్ళో ఇప్పుడు అన్ని జాతుల వాళ్ళూ వచ్చి తడుస్తారు.

ఆ సాయంత్రం రోసలిన్ ఫోన్ చేసింది. "మిస్టర్ జెలిన్స్కీ, రేడియేటర్ బాగైపోయింది."

"విన్నానండీ."

"గదంతా నిశ్శబ్దంగా ఉంది." బల్ల మీద పెన్సిలు టకటకలాడించడం వినిపించింది. "పని చేసుకోవడానికి బాగానే ఉంది" అని పెట్టేసింది.

*

ఫిబ్రవరిలో సరస్సు మీంచి మంచు తుఫాను వచ్చి మూడు రోజులు ఊరిని మూసేసింది. నేనూ మిలా చెరో వైపు తిరిగాం. నాకు నడుం పట్టేసింది. మిలా ఒక్కతే పద్నాలుగు ఇళ్ళలో బాయిలర్లు వెలిగించింది. వ్యాన్‌లో సగం తిన్న బీఫ్ శాండ్‌విచ్ గడ్డకట్టిపోతే అదే కొరుక్కుని తిందిట. ఇక ఈ పిల్ల ఉంటే నాకు ఇరవై ఏళ్ళు ఢోకా లేదనుకున్నాను. వ్యాన్ మీద ఆమె పేరు కూడా రాయిద్దామని రంగు డబ్బా కొన్నాను.

తుఫాను తగ్గిన వారానికి షాపు మెయిల్లో ఒక కవరొచ్చింది. పైపు పనివాళ్ళ యూనియన్ వాళ్ళది, నా సంతకం కోసం. మిలాగ్రోస్ ఓర్తీస్ అయిదేళ్ళ అప్రెంటిస్ శిక్షణకి దరఖాస్తు పెట్టింది, ఏప్రిల్ మొదటి వారంలో ఇంటర్వ్యూ, మీ దగ్గర పనిచేస్తున్నట్టు ధ్రువీకరించండి అని. మెంటర్ పేరు దగ్గర రోసలిన్ టేట్ అని ఉంది.

నేను మూడో అంతస్తుకి రెండేసి మెట్లెక్కాను.

"నాకు చెప్పకుండా పంపించారా?"

రోసలిన్ లేవలేదు. "శనివారం మాటలు చెప్పనని మొదటిరోజే అన్నాను."

"అవి మాటలు. ఇది నా మనిషిని నా దగ్గర్నించి లాక్కోవడం. ఆ పిల్లకి పని నేర్పింది నేను. ఇదా మీరు చేసేది?"

"మీ మనిషా?" గొంతు పెంచలేదు. "ఆ శిక్షణ పూర్తయితే ఈ రాష్ట్రంలో ఏ ఆసుపత్రి బాయిలర్ గదికైనా మిలా పెద్ద కావచ్చు. మీ దగ్గరుంటే ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మీ షాపులో మంచి పనిమంతురాలు అనిపించుకుంటుంది. ఇది తనకీ తెలుసు. మీ మొహం చూసి చెప్పలేక నెల రోజులుగా నలిగిపోతోంది. మీరు ఇచ్చింది జాలి ఉద్యోగమని, అందుకే వదిలి వెళ్ళే హక్కు తనకి లేదని అనుకుంటోంది."

"నేను జాలిపడలేదు."

"పూర్తిగానా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆ రోజు సగం బురదనీళ్ళకి, సగం అమ్మమ్మకి ఇచ్చాను ఉద్యోగం. అది నాకూ తెలుసు.

"ఈస్టర్ దాకా ఆగుతానన్నారు" అంది రోసలిన్. "ఆ ఆగడం మిలా బాగు కోసమా, లేక ఉత్తి నా కోసమేనా?"

మింగలేక కక్కలేక కిందికి దిగొచ్చాను. కవరు మీద సంతకం పెట్టకుండా సొరుగులో పడేశాను.

*

మూడు వారాలు సొరుగు తియ్యలేదు. మిలాతో పని తప్ప ఇంకో మాట లేదు. ఆ పిల్ల రెండుసార్లు "బాస్..." అని మొదలుపెట్టి, "ఆ పైపు ఎంత పొడుగు కోయాలి?" అంటూ మింగేసింది. నాకు అర్థమవుతూనే ఉంది. అయినా బిగుసుకునే కూర్చున్నాను.

చివరికి స్టెల్లా అత్తే సొరుగు తీసి కవరు నా ముందు పెట్టింది.

"ఇదేంట్రా?"

"నీకు తెలీదులే అత్తా."

"నాకు తెలీదా?" ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఒకటి అడుగుతాను. ఫోన్‌లో చప్పుడు విని బాయిలర్‌కి ఏమైందో చెప్పేదెవరు?"

"నువ్వే."

"నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు తప్పు చెప్పాను?"

ఆలోచించాను. "ఒక్కసారి."

"అదీ కుక్క అరుపు కలిసిపోయి." అత్త నవ్వలేదు. "ఇరవై రెండేళ్ళప్పుడు మా నాన్నని, అదే మీ తాతని అడిగాను, నేనూ యూనియన్ పరీక్ష రాస్తానని. ఆయన చెడ్డవాడేం కాదు. నువ్వు లేకపోతే ఫోన్ ఎవరెత్తుతారే స్టెల్లా అన్నాడు. అంత ప్రేమగా అడిగితే కాదని ఎలా అంటాను? కూర్చున్నాను. ఇంకా కూర్చునే ఉన్నాను. నన్ను తోసేవాళ్ళెవరూ లేకపోయారురా."

నేను చిన్నప్పట్నించీ ఆ కుర్చీలో ఆవిణ్ణి చూస్తూనే ఉన్నాను. ఆవిడకి ఇంకెక్కడికైనా వెళ్ళాలని ఉండి ఉంటుందని ఒక్కసారి కూడా తోచలేదు. పెన్ను కోసం తడుముకుంటుంటే ఆవిడే అందించింది. సంతకం పెట్టాను.

"కళ్ళు తుడుచుకుని పో" అంది. "ఆ పిల్లకి ఉత్తుత్తి ఇంటర్వ్యూ గురువారం. చేసేవాళ్ళెవరూ దొరకలేదుట."

"నీకెలా తెలుసు?"

"ఆ డైరెక్టరమ్మ వారానికోసారి ఫోన్ చేస్తుంది. రేడియేటర్ బాగానే ఉందని చెప్పడానికి."

*

గురువారం బాప్టిజం నాటి సూటే వేసుకుని వెళ్ళాను. తలుపు తీసిన రోసలిన్ గడియారం చూడలేదు, నన్నే చూసింది. నేను సంతకం పెట్టిన కవరు ఆవిడ చేతికిచ్చి, బల్ల వెనక కూర్చున్నాను.

"ఈసారి దయ చూపించను" అన్నాను.

మిలా వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. ఈసారి బ్లేజరు చేతులు మడిచి లేవు, ఎవరో కుట్టి సరిచేశారు.

"కూర్చో, మిస్ ఓర్తీస్" అన్నాను. మా నాన్న గొంతు తెచ్చుకున్నాను, ఆయన కోపంగా ఉన్నప్పటిది. ఆవిరి ఒత్తిడి ఎంతుండాలి, నీళ్ళు తగ్గితే ముందు ఏం ఆపాలి అని వరసగా అడిగాను. తడుముకోకుండా చెప్పింది. చెప్పిన ప్రతిదానికీ ముఖం చిట్లించాను. చెమటలు పట్టాయి, నాకే.

చివరికి ఆ ప్రశ్న అడిగాను. యూనియన్ బల్ల వెనక కూర్చునేవాళ్ళలో ఎవడో ఒకడు అడక్కమానడని నాకు తెలుసు.

"నీ మొదటి బాస్ నీ అమ్మమ్మ కథ విని కళ్ళనీళ్ళు పెట్టుకుని ఉద్యోగం ఇచ్చాడట. అది జాలి ఉద్యోగం. మేం కూడా జాలిపడాలా?"

రోసలిన్ కుర్చీ కిర్రుమంది. మిలా ముఖం పాలిపోయింది. నాకు మాట వెనక్కి తీసుకోవాలనిపించి, బల్ల కింద మోకాలు గట్టిగా పట్టుకున్నాను.

మిలా నెమ్మదిగా చెప్పింది. "మొదటిరోజు జాలే అయ్యుండొచ్చండీ. ఆయనకి కన్నీళ్ళు కాస్త ఎక్కువ. కానీ జాలితో ఎవరైనా ఒకరోజు పనిలో ఉంచుకుంటారు. నేను ఆరు నెలలున్నాను. తుఫానులో మూడు రోజుల్లో పద్నాలుగు ఇళ్ళు వెచ్చబెట్టాను. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసినప్పుడు మా బాస్‌ని పంపమనలేదు, నన్నే పంపమన్నారు." గది మూలకి తల తిప్పింది. "పైగా మా బాస్ ఆరు వారాలు బాగుచెయ్యలేకపోయిన రేడియేటర్‌ని నేను ఐదు నిమిషాల్లో బాగుచేశాను. అదిగో, ఆ మూలదే."

రోసలిన్ చేత్తో నోరు మూసుకుంది.

"ఆఖరి ప్రశ్న" అన్నాను. "నిన్ను వదులుకోవడానికి మీ బాస్ ఒప్పుకున్నాడా?"

"అడగలేదండీ. భయమేసింది."

"అడుగు. ఒప్పుకుంటాడు. వ్యాన్ మీద నీ పేరు రాయిద్దామని రంగు కొన్నాడు, అది వేస్టయినా ఫరవాలేదంటాడు."

"మిస్టర్ జెలిన్స్కీ" అంది రోసలిన్, తన కళ్ళు తుడుచుకుంటూ. "మీరు మళ్ళీ దయ చూపిస్తున్నారు."

*

ఈస్టర్ ముందు శుక్రవారం మిలాకి ఉత్తరం వచ్చింది. యూనియన్ ఆ ఏడాది తీసుకున్న పద్నాలుగు మందిలో ఆమె ఒకతె. బల్ల వెనక ఒకాయన నిజంగానే జాలి ప్రశ్న అడిగాడట. "మీకంటే మా బాస్ గట్టిగా అడిగాడండీ" అందట.

సోమవారం డింగస్ డే. మా పేటలో బ్రాడ్‌వే వీధంతా పోలిష్ జెండా ఎరుపూ తెలుపూ. అకార్డియన్లు, సాసేజీల పొగ, పిల్లల చేతుల్లో నీళ్ళ తుపాకులు. స్టెల్లా అత్త మడతకుర్చీ వేసుకుని, పక్కన బకెట్ నిండా విల్లో రెమ్మలు పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకి పంచుతోంది. వచ్చే నెల నుంచి షాపులో ఫోన్ నేనే ఎత్తుకోవాలట. పొద్దున పూట అత్త మిలాతో పాటు యూనియన్ బడికెళ్ళి, కొత్త పిల్లలకి చప్పుడు విని రోగం చెప్పడం నేర్పుతుందట. మిలాయే అక్కడ మాట్లాడి కుదిర్చింది.

నా కోటు జేబులో తాత నాటి సెంటు సీసా ఉంది, నిండా నీళ్ళు. మధ్యాహ్నం దాటింది. నాకు తెలిసిన పసుపు స్వెట్టరు ఎక్కడా లేదు. ఆగమని ఆవిడ ఎప్పుడూ అనలేదుగా అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎంత చెప్పినా నమ్మకం కలగడం లేదు.

పిక్కల మీద చురుక్కుమంది.

వెనక్కి తిరిగాను. రోసలిన్ చేతిలో రెమ్మ, జుట్టు ముడిలో పెన్సిలు. "ఇలాగేనా కొట్టాల్సింది? స్టెల్లాగారు చూపించారు గాని, గట్టిగా తగిలిందేమో."

"ముందు నేను నీళ్ళు చల్లాలి. వరస తప్పింది."

"ఆరు నెలలు ఆగాను. ఇంకా వరస కూడానా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సీసా మూత తీసి ఆవిడ చేతి మీద నాలుగు చుక్కలు చల్లాను.

"ఇంతేనా?" అంది.

"దయ చూపిస్తున్నాను. రోసలిన్, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఆ మొదటిరోజు కుర్చీలో కూర్చోమన్నప్పట్నించీ."

"నాకూ" అంది. "మొదటిరోజు నుంచి కాదు. రెండో రోజు నుంచి. మొదటిరోజు జాలిపడ్డాను."

బకెట్ దగ్గర స్టెల్లా అత్త పక్కకి తిరిగి ముక్కు చీదుకుంది. మా ఇంట్లో మగాళ్ళ జబ్బు ఆడవాళ్ళకీ ఉందని అప్పుడే తెలిసింది.

రోసలిన్ నా చెయ్యి పట్టుకుంది. "ఇంకో మాట. మూడో అంతస్తు రేడియేటర్ మళ్ళీ బుసకొడుతోంది."

"అదెలా? మిలా కొత్త వెంట్ పెట్టిందిగా."

"శనివారం ఆఖరి మీటింగుకి వచ్చి, తనే విప్పేసి పాతది బిగించింది. ఇన్నాళ్ళూ దాచి ఉంచిందట. దీన్ని బాగుచెయ్యడానికి మా బాస్‌కి ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళు తీసుకోమనండి అని నీకు చెప్పమంది."

మిలా కోసం చూశాను. వీధికి అవతల, తన కంటే పొడవైన నీళ్ళ తుపాకీ పట్టుకుని, మా ఇద్దరికీ గురిపెడుతోంది.

"రేపు వస్తాను" అన్నాను.

"పనిముట్లు తెస్తావా?"

"వ్యాన్‌లోనే వదిలేసి వస్తాను" అన్నాను. అంతలో ఇద్దరం నిలువునా తడిసిపోయాం.